రీఫండ్ వచ్చింది, అమ్మినవాడు అక్కడే ఉన్నాడు

ఏదైనా షాపింగ్ యాప్ తెరిచి ‘గద్వాల చీర’ అని వెతికి చూడండి. మగ్గం మీద నేసిన గద్వాల చీర వేల రూపాయల మాట. యాప్‌లో అదే పేరుతో వందల్లోనే దొరుకుతుంది. మధ్య భాగమంతా నూలు, అంచూ కొంగూ పట్టు, రెండింటినీ కుప్పడం పద్ధతిలో మగ్గం మీదే కలిపి నేయడం గద్వాల చీర ప్రత్యేకత. ఆ వందల ధరకు పట్టు సంగతి అటుంచి, నేసినవారి కూలి కూడా గిట్టదు. అందుకే పార్సిల్ విప్పితే కనిపించేది పాలిస్టర్ బట్ట మీద అచ్చు గుద్దిన జరీ బొమ్మ. తెప్పించుకున్నావిడ మండిపడి వెనక్కి పంపుతుంది. నాలుగు రోజులకు డబ్బు ఖాతాలో పడుతుంది, కోపం చల్లారుతుంది. మర్నాడు అదే ఫొటోతో, అదే పేరుతో, అదే చీర మరో ఇంటికి బయలుదేరుతుంది.

ఆన్‌లైన్ అమ్మకందారుల మోసాల గురించి మన పత్రికల్లో వచ్చేవన్నీ దాదాపు కొనేవారికి చెప్పే జాగ్రత్తలే. రేటింగ్ చూడండి, రివ్యూలు చదవండి, పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. ఇవి పనికిరానివని అనను. కానీ దొంగతనం జరిగిన ప్రతిసారీ ఇంటివాళ్లను తాళం గురించి ప్రశ్నించి వెళ్లిపోతే ఎలా? ఫిర్యాదు చేసిన ఒక్కరికి డబ్బు తిరిగి ఇచ్చేయడం ప్లాట్‌ఫారానికి చవక. అమ్మకందారును తొలగిస్తే మాత్రం అతని మీద వచ్చే కమీషన్ పోతుంది. ఈ లెక్క మారనంత కాలం ఎన్ని రీఫండ్లు వచ్చినా బజారు బాగుపడదన్నది నా వాదన.

దేవరకొండలోనో వనపర్తిలోనో కొన్న మిక్సీ పాడైతే నేరుగా ఆ దుకాణం మెట్లెక్కుతాం. సేటు విసుక్కోవచ్చు, నెపం కంపెనీ మీదికి నెట్టవచ్చు. అయినా రేపు ఏదో పెళ్లిలో మనకు ఎదురుపడాల్సినవాడే. ఆ మొహమాటమే సగం గ్యారంటీ. (దుకాణదారులందరూ ధర్మరాజులని కాదు. తూకంలో చేతివాటం మన అంగళ్లలో కొత్తేమీ కాదు.) ఆన్‌లైన్‌లో యాప్ పేరు చూసి నమ్ముతాం, బిల్లు మీద మాత్రం ఎప్పుడూ వినని మరో పేరు ఉంటుంది. గొడవ వచ్చినప్పుడే ఆ పేరు వైపు మన చూపు పోతుంది. అప్పుడు యాప్ వారు చెప్పే జవాబు ఒక్కటే: మాది వేదిక మాత్రమే, అమ్మింది వారు.

ఆ జవాబు వెనుక చట్టం కూడా ఉంది. విదేశీ పెట్టుబడి ఉన్న సంస్థలు తమ సొంత సరుకును ఆన్‌లైన్‌లో నేరుగా వినియోగదారుకు అమ్మకుండా ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. 2019 ఫిబ్రవరి నుంచి వాటిని ఇంకా బిగించింది. చిన్న వ్యాపారులను కాపాడటం దాని ఉద్దేశం. ఆ ఉద్దేశం మంచిదే. కానీ పెద్ద యాప్‌లన్నీ ఇతరుల సరుకుకు వేదికగా ఉండిపోవడంతో కొన్నవారికీ అమ్మినవారికీ మధ్య ఒక తెర వచ్చిపడింది. మధ్యవర్తులకు రక్షణ కల్పించే 2000 నాటి ఐటీ చట్టంలోని 79వ సెక్షన్ ఆ తెరను మరింత మందం చేసింది.

తెర తీయడానికి మన చేతిలో ఉన్న మొదటి ఆధారం బిల్లు. దాని మీద జీఎస్టీ నంబరు ఉంటే, మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి. తెలంగాణకు 36, గుజరాత్‌కు 24, మహారాష్ట్రకు 27, ఢిల్లీకి 07. జీఎస్టీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే వ్యాపారి పేరు, రిజిస్ట్రేషన్ అమలులో ఉందో రద్దయిందో ఎవరైనా చూడవచ్చు. గద్వాల చీర బిల్లు 24తో మొదలైనంత మాత్రాన నకిలీ అని తేల్చలేం, సూరత్ వ్యాపారి కూడా అసలు చీర కొని అమ్మవచ్చు. అయితే ధర వందల్లో ఉండి, నంబరు 24తో మొదలైతే, అనుమానించడం పాపం కాదు.

2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు కాగితం మీద గట్టివే. అమ్మకందారు పేరు, చిరునామా, కస్టమర్ కేర్ నంబరు ప్లాట్‌ఫారం చూపించాలి. కొన్న తర్వాత మనం రాతపూర్వకంగా అడిగితే అతని ప్రధాన కార్యాలయం, శాఖల చిరునామాలు, ఈమెయిల్ సహా ఇవ్వాలి. ఫిర్యాదును 48 గంటల్లో అందుకున్నట్టు తెలపాలి, నెల లోపు పరిష్కరించాలి, ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరు ఇవ్వాలి. లోపం ఉన్న సరుకైనా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేనిదైనా, చెప్పిన గడువు దాటి వచ్చినదైనా వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. కనుక ‘ఈ వస్తువుకు రిటర్న్ లేదు’ అన్న వాక్యం చూసి వెనక్కి తగ్గనక్కరలేదు. మనసు మార్చుకున్నవారికి ఆ వాక్యం వర్తించవచ్చు, మోసపోయినవారికి వర్తించదు.

అదే నిబంధనల్లో జనం అంతగా చూడని ఒక భాగం ఉంది. పదే పదే తప్పు చేసే అమ్మకందారుల వివరాలు ప్లాట్‌ఫారం నమోదు చేసి ఉంచాలని అది చెబుతుంది. ఎవరు ఆ అమ్మకందారులు? కాపీరైట్ చట్టం, ట్రేడ్‌మార్కుల చట్టం, ఐటీ చట్టం కింద గతంలో తొలగించిన సరుకునే మళ్లీ మళ్లీ పెట్టేవారు. వారిని తొలగించాలా? అక్కరలేదు. ఇష్టముంటే తొలగించవచ్చని మాత్రమే ఉంది. అంటే దొంగల చిట్టా రాయడం తప్పనిసరి, దొంగను గడప దాటించడం ఐచ్ఛికం. ఒక ప్రాంతానికే చెందిన సరుకు పేరును కాపాడే 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం పేరు ఆ మూడు చట్టాల వరుసలో లేదు.

దక్షిణ తెలంగాణకు ఇది చిన్న లోపం కాదు. ఉమ్మడి నల్గొండ జిల్లాలోని పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి గద్వాల, నారాయణపేట చీరలకూ ఆ గుర్తింపు ఉంది. నూలును ముందే కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాత నేయడం ఇక్కత్ పద్ధతి. అందుకే బొమ్మ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, అంచుల్లో రంగు కాస్త చెదిరినట్టు ఉంటుంది. అచ్చు వేసిన బట్టను తిరగేస్తే రంగు వెలవెలబోతుంది. చేతిలోకి తీసుకుంటే పల్లెలో ఎవరైనా పట్టేయగల తేడా ఇది. ఫోను తెర మీద పట్టుకోలేం. ఆ ఇబ్బందే అమ్మకందారుకు పెట్టుబడి. కొన్నావిడకు రీఫండ్ వస్తుంది. ‘గద్వాల చీర అంటే ఇంతేనా’ అన్న ఆమె మాట వల్ల నష్టపోయిన నేతగాడికి రీఫండ్ ఎవరిస్తారు?

మోసం బయటపడినా శిక్ష ఎంత ఉంటుందో ప్రెషర్ కుక్కర్ల కేసు చెబుతుంది. నాణ్యతా ప్రమాణాలకు సరిపోని కుక్కర్లను తమ వేదికల మీద అమ్మనిచ్చినందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 ఆగస్టులో అమెజాన్‌కూ ఫ్లిప్‌కార్ట్‌కూ చెరో లక్ష రూపాయల జరిమానా వేసింది. అమెజాన్‌లో అమ్ముడైనవి 2,265, ఫ్లిప్‌కార్ట్‌లో 598. కొన్నవారందరికీ తెలియజేసి, కుక్కర్లు వెనక్కి తీసుకుని, డబ్బు తిరిగివ్వాలని కూడా ఆదేశించింది. నా దృష్టిలో లక్ష జరిమానా కంటే ఆ రెండో ఆదేశం విలువైనది. ఫిర్యాదు చేయనివారికి కూడా డబ్బు ఇమ్మన్న ఆదేశం అది. ఒక్కొక్కరికీ విడివిడిగా ఇచ్చే రీఫండ్‌కు లేని బలం దానికి ఉంది.

మన పల్లెల్లో కొనేవారి పరిస్థితి నగరంవారి కంటే ఇంకొంచెం ఇరుకు. నల్లమల అంచు మండలాల్లో కొరియర్ చాలాసార్లు ఊళ్లోకి రాదు, బస్టాండు దగ్గరికి వచ్చి తీసుకోమని ఫోను వస్తుంది. వెళ్లలేకపోతే ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని నమోదవుతుంది. సరుకు బాగాలేదని తిప్పి పంపబోతే ఆ పిన్‌కోడ్‌కు రిటర్న్ సౌకర్యం లేదంటారు, మీరే స్పీడ్ పోస్టులో పంపండి అంటారు. పంపండి, కానీ పెట్టె ఫొటో, పోస్టాఫీసు రసీదు దాచుకోండి, ఖర్చు కూడా రాసి అడగండి. డబ్బు చేతికిచ్చి కొనడం క్షేమమని చాలామంది నమ్మకం. నిజానికి చాలాచోట్ల డబ్బు ఇచ్చాకే పెట్టె విప్పనిస్తారు, కాబట్టి ఆ క్షేమం సగమే. డెలివరీ బాయ్ అడిగే ఓటీపీ సరుకు చేతికి వచ్చాకే చెప్పాలి. రిటర్న్ విషయంలో అయితే అతను వస్తువు తీసుకున్నాకే. ఆ ఓటీపీ చెప్పేశాక, మనకు అందలేదని నిరూపించుకోవాల్సిన భారం మన మీద పడుతుంది.

ఫోనులో కస్టమర్ కేర్‌తో గంటలు మాట్లాడటం కంటే నాలుగు వాక్యాలు రాయడం మేలు. ఆర్డర్ నంబరు, తేదీ, వచ్చిన వస్తువులో లోపం, మనం కోరేది. ఫోను సంభాషణ గాలిలో పోతుంది, రాసినది సాక్ష్యంగా నిలుస్తుంది. నెల గడిచినా కదలిక లేకపోతే, లేదా ముందే మొండికేస్తే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. అది కోర్టు కాదు, ఆదేశించే అధికారం దానికి లేదు. అయినా అక్కడి నుంచి ఫిర్యాదు వెళ్లగానే కంపెనీలో మరో బల్ల మీదికి ఫైలు మారుతుంది. రీఫండ్ వచ్చినవారు కూడా నకిలీ సరుకు అయితే అక్కడ నమోదు చేయించాలని నేనంటాను. ఒకే అమ్మకందారు మీద వంద ఫిర్యాదులు ఒకచోట చేరితేనే అది ఒక్కరి గొడవ కాదని తేలుతుంది.

ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. నల్గొండలో ఒకటి, మహబూబ్‌నగర్‌లో ఒకటి ఉన్నాయి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తెచ్చిన మార్పుల్లో పల్లెవాసికి అన్నిటికంటే ఉపయోగపడేది ఇదే: అమ్మినవాడు ఎక్కడున్నా, కొన్నవారు తాము నివసించే చోటే కేసు వేయవచ్చు. అమ్మకందారు ఢిల్లీలో ఉంటే ఢిల్లీ కదలనక్కరలేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు. అమ్మకందారుతో పాటు ప్లాట్‌ఫారాన్ని కూడా ప్రతివాదిగా చేర్చడం మరవద్దు, చిరునామా దొరకని అమ్మకందారు ఒక్కడి పేరే రాస్తే నోటీసు తిరిగి మన గుమ్మానికే వస్తుంది. ఏడు వందల చీర కోసం ఎవరు కమిషన్ దాకా వెళ్తారని అడగవచ్చు. నిజమే, ఎక్కువమంది వెళ్లరు. మోసగాడి ధర పట్టిక తయారయ్యేదే ఆ ధీమా మీద. పాడైన ఫ్రిజ్, పని చేయని పవర్ స్ప్రేయర్ అయితే మాత్రం వెళ్లడమే లాభం.

వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలు అమ్మేవారిది వేరే సంగతి. డబ్బు ముందే యూపీఐలో పోతుంది, మధ్యలో ప్లాట్‌ఫారం లేదు, బిల్లూ ఉండదు. ఇంట్లో కూర్చుని అమ్మినా, క్రమం తప్పకుండా చేసేది వ్యాపారమే, నిబంధనలు వారికీ వర్తిస్తాయి. బిల్లు ఇవ్వకపోవడమే చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి. నాసిరకం సరుకు పంపినవాడిది వినియోగదారుల వివాదం. డబ్బు తీసుకుని నంబరు బ్లాక్ చేసినవాడు నేరస్తుడు. రెండోవాడి విషయంలో 1915 వద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయాలి. డబ్బు ఇంకో ఖాతాకు మారక ముందే బ్యాంకు ఆపగలిగితేనే ఆశ.

ఇక చట్టంలో మారాల్సినది. అమ్మకందారు చేతులెత్తేసినప్పుడు ప్లాట్‌ఫారమే బాధ్యత వహించాలన్న ప్రతిపాదనను కేంద్రం 2021 జూన్‌లో ముసాయిదాలో పెట్టింది. పరిశ్రమ వర్గాలు అభ్యంతరం చెప్పాయి, ఏళ్లు గడిచినా అది నిబంధనగా మారలేదు. కంపెనీల భయం అర్థం కానిది కాదు, లక్షల మంది అమ్మకందారుల తప్పులన్నిటికీ హామీ ఉండమంటే ఎవరైనా జంకుతారు. కానీ ఎవరిని చేర్చుకోవాలో, ఎవరి సరుకును పైన చూపాలో, ఎంత కమీషన్ తీసుకోవాలో నిర్ణయించేది వారే. లాభంలో వాటా ఉన్నప్పుడు నష్టంలో లేకపోవడం ఏ ఊరి న్యాయం? కనీసం పదే పదే దొరికిన అమ్మకందారును తొలగించడం తప్పనిసరి చేయాలి, ఆ చిట్టాలో భౌగోళిక గుర్తింపు ఉల్లంఘనలనూ చేర్చాలి.

ఢిల్లీలో నిబంధన మారే దాకా జిల్లాల్లో చేయగలిగినది ఒకటుంది. 2019 చట్టంలోని 16, 17 సెక్షన్ల ప్రకారం వినియోగదారుల సమూహానికి జరిగే అన్యాయం మీద జిల్లా కలెక్టరుకు ఫిర్యాదు చేయవచ్చు. కలెక్టరు విచారణ జరిపి కేంద్ర ప్రాధికార సంస్థకు నివేదిక పంపవచ్చు, జరిమానా వేసే అధికారం ఉన్నది ఆ సంస్థకే. నకిలీ చీర అందుకున్న కొనుగోలుదారులు, గద్వాల నేతన్నలు కలిసి, పది ఆర్డర్ల బిల్లులు, ఫొటోలు, అసలు చీర ఒకటి, అచ్చు చీర ఒకటి పట్టుకుని, కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే సోమవారం ప్రజావాణికి వెళ్లి ఆ సెక్షన్ల కింద అర్జీ ఇవ్వవచ్చు. అర్జీలో అమ్మకందారు పేరుతో పాటు యాప్ పేరు కూడా రాయాలి.