స్టాండర్డ్ డిడక్షన్ గారికి ఒంగోలు నుంచి విన్నపం

మహారాజశ్రీ స్టాండర్డ్ డిడక్షన్ గారి సముఖానికి,

ఒంగోలు నుంచి ఒక నెలజీతపు మనిషి రాసుకునేది. ఉభయకుశలోపరి అందామంటే నా కుశలం అంతంతమాత్రం. మీ సంగతి అడగక్కర్లేదు. జీతగాళ్ళ ఖర్చుల పేరిట, పన్ను లెక్కకట్టే ముందు జీతంలోంచి తీసేసే ఏకమొత్తం మీరు. 2005 బడ్జెట్‌లో మిమ్మల్ని సాగనంపినా 2018లో 40 వేలతో తిరిగొచ్చారు. ఊరికే రాలేదు లెండి, రవాణా అలవెన్సు 19,200, వైద్య ఖర్చుల 15,000 మినహాయింపులను మింగేసి మరీ వచ్చారు. మరుసటి ఏడాదికి 50 వేలయ్యారు. కొత్త పన్ను విధానంలో ఇప్పుడు 75 వేలు. బాగా ఒళ్ళు చేశారు.

నేను చీమకుర్తి రోడ్డులో ఒక గ్రానైట్ కంపెనీలో లెక్కలు రాసేదాన్ని. నెలనెలా ట్యాలీలో ‘లీగల్ ఛార్జీలు’ అన్న పద్దు కింద వకీళ్ళ బిల్లులు ఎక్కించింది ఈ చేతులే. 2023లో నాకు ఐదో నెల రాగానే మా యజమాని గారికి నామీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. “ఆ టిప్పర్ల దుమ్ములో రోజూ ఏం తిరుగుతావమ్మా, ఇంటిపట్టున ఉండు” అన్నారు. నేను 26 వారాల ప్రసూతి సెలవు అడిగాను. ఆయన జాలి కాగితం మీదకెక్కి ‘మీ సేవలు ఇక అవసరం లేదు’ అయింది.

సెలవులో ఉన్న గర్భిణిని తీసేయకూడదని 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం చెప్పింది. మీ ఆదాయపు పన్ను చట్టం పుట్టిందీ అదే ఏడు. ఒకే ఏటి బిడ్డలు, ఇన్నేళ్ళలో ఒకరినొకరు పలకరించుకున్న పాపాన పోలేదు.

రెండు గాజులు తాకట్టు పెట్టి ప్లీడరును పెట్టుకున్నాను. ‘గెలిస్తేనే ఫీజు, వచ్చిన దాంట్లో వాటా’ అని బేరమాడటం మన వకీళ్ళకు నిషేధం. అంచేత వాయిదా వాయిదాకీ చేతి నుంచే పెట్టాను. చివరికి రాజీలో 9 లక్షలు వచ్చాయి. ఫీజులు 1,80,000.

అసలు కథ ఆడిటర్ గారి దగ్గర మొదలైంది. రాజీ సొమ్మును జీతానికి బదులుగా వచ్చిన లాభం కింద వేశారు, అంటే అదీ జీతంలాగే పన్ను పడే సొమ్మే. ఈ ఏటి కొత్త ఉద్యోగం జీతం ఆరున్నర లక్షలు. అదొక్కటే అయితే పన్ను సున్నా. రెండూ కలిపితే 1,05,300 తేలింది.

“మరి ప్లీడరు ఫీజండీ?”

“అది స్టాండర్డ్ డిడక్షన్‌లోనే ఉన్నట్టు లెక్కమ్మా.”

“నా బస్సు ఛార్జీలు అందులోనే, పాప మందులు అందులోనే, ఇప్పుడు ప్లీడరూనా? ఎంతమంది పడతారండీ ఆ గదిలో?”

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆ ఫీజు తీసేయనిచ్చి ఉంటే 28,080 తగ్గేది. ఇప్పుడు ప్లీడరుకిచ్చిన డబ్బు మీద కూడా పన్ను నేనే కడుతున్నాను. ప్లీడరు గారూ తన ఆదాయం మీద కడతారు. ఒకే డబ్బు, రెండు మొక్కులు.

అవతలి పక్షం సంగతి వినండి. హైదరాబాదు నుంచి కారులో దిగిన వాళ్ళ వకీలుకు 4 లక్షలు. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న అబ్బాయి చెప్పాడు, నేను ఎక్కించిన పద్దు కిందే ఎక్కించాడట. 1961 ఆదాయపు పన్ను చట్టం 37వ సెక్షను ప్రకారం పూర్తిగా, కేవలం వ్యాపారం కోసం పెట్టిన ఖర్చు కాబట్టి చెల్లింది. సెస్సులతో కలిపి 25 శాతం పన్ను వేసుకున్నా వాళ్ళకు లక్ష మిగులు. నాకిచ్చిన 9 లక్షలూ ఖర్చు ఖాతాలోకే. నన్ను వెళ్ళగొట్టడం వ్యాపారం. నేను తలుపు తట్టడం మాత్రం, మీ దృష్టిలో, పొద్దుపోని సరదా.

అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ కొడుకుతో మొరపెట్టుకున్నాను. అక్కడ వచ్చిన పరిహారం ఆదాయంలో కలిపినా, వివక్ష కేసుల్లో ప్లీడరు ఫీజును, వచ్చిన సొమ్ము మేరకు, నేరుగా ఆదాయంలోంచి తీసేసుకోవచ్చని 2004లోనే చట్టం చేశారట. అంతకుముందు గెలిచి కూడా పన్ను దెబ్బకు కుదేలైనవాళ్ళు ఉన్నారట. వాళ్ళకూ బుద్ధి తొందరగా ఏం రాలేదు లెండి.

మనకూ 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. 536 సెక్షన్లు. పాపను పడుకోబెట్టి రాత్రిపూట జీతాల అధ్యాయం తిరగేశాను. ప్లీడరు ఫీజు కనబడలేదు. మీరు మాత్రం ఉన్నారు, అదే కుర్చీలో, అదే 75 వేలతో.

జీతగాళ్ళకు ఖర్చులుండవని మీకు చెప్పిందెవరో నాకు తెలియదు. ఆయన్ని ఒకసారి కోర్టు బయట చెట్టు కింద కూర్చోబెట్టండి. వకాల్తాకు, స్టాంపులకు, టైపింగుకు, గుమాస్తా టీకి విడివిడిగా ఇవ్వమనండి. రసీదు అడగమనండి. గుమాస్తా గారి నవ్వు చూడటానికి నేనూ వస్తాను.

ఇట్లు,
మీ 75 వేలలో ఇమడని ఒక అకౌంటెంటు,
ఒంగోలు.

తా.క.: కొత్త ఆఫీసులో ఇవాళ పొద్దున నా బల్ల మీదకు ఒక వోచరు వచ్చింది. లీగల్ ఛార్జీలు, 35,000. ఎవరి మీద కేసో వోచరులో లేదు. ఎక్కించేశాను.