‘లేదు’ అని రాయమన్నది నేనే

దేవరకొండ దగ్గర మా అక్క వాళ్ల ఊరు. మా మేనల్లుడు కానిస్టేబుల్‌గా సెలెక్ట్ అయిన రోజు అక్క ఫోన్‌లో మాట్లాడలేక ఏడ్చింది. ఆ ఇంటికి నెలనెలా జీతం రావడం అదే మొదటిసారి అయ్యేది. రెండేళ్ల పాటు వాడు నల్లగొండలో నలుగురితో కలిసి అద్దె గదిలో ఉన్నాడు. తెల్లవారక ముందే లేచి గ్రౌండ్‌కు పోయి 1600 మీటర్లు ఉరికేవాడు.

కొన్నాళ్లకు మళ్లీ ఫోన్ చేశాడు. “మామా, అటెస్టేషన్ ఫారం ఇచ్చిండ్రు. ఎప్పుడన్నా కేసు అయిందా అని అడిగిండ్రు. ఏం రాయాలె?” ఉద్యోగంలో చేర్చుకునే ముందు తన వివరాలు రాసిచ్చే ఫారం అది.

వాడికి పదహారేళ్లప్పుడు వినాయక నిమజ్జనం రోజు ట్రాక్టర్ల దగ్గర గొడవైంది. పెద్దవాళ్లతో పాటు వీడి పేరు కూడా ఎఫ్ఐఆర్‌లో ఎక్కింది. పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు మందలించి ఇంటికి పంపింది. ఆ సంగతి మేమంతా మరిచిపోయాం. నేను డల్లాస్‌లో ఆఫీసుకు పోయే తొందరలో ఉన్నాను. “చిన్నప్పటి ముచ్చట రా, ఎవరు చూస్తరు, లేదని రాయి” అన్నాను. వాడు అట్లాగే రాశాడు.

ఫారంలో రాసింది నిజమో కాదో చూసే పోలీసు విచారణలో పాత ఎఫ్ఐఆర్ బయటపడింది. సమాచారం దాచినందుకు ఎంపిక ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని నోటీసు వచ్చింది. గొడవ గురించి అందులో ఒక్క మాట లేదు. నోటీసంతా ఆ ‘లేదు’ గురించే.

అప్పుడు కూర్చుని చట్టం చదివాను. ఫోన్ వచ్చిన రోజే చదవాల్సింది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 24 ప్రకారం, బోర్డు తేల్చిన కేసు వల్ల ఆ పిల్లవాడికి ముందు ముందు ఏ అనర్హతా రాకూడదు. అప్పీలు గడువు ముగిశాక ఆ రికార్డును కూడా ధ్వంసం చేయించాలి. పదహారు దాటిన పిల్లలు ఘోరమైన నేరం చేసి, పెద్దవాళ్లలాగే విచారణకు గురైతే ఈ రక్షణ ఉండదు. ఆ మినహాయింపు సరైందేనని నేనూ అనుకుంటాను. లాఠీ, తుపాకీ చేతికిచ్చే ఉద్యోగం కదా. సెక్షన్ 74 ఇంకో మాట చెబుతుంది. కేసు ముగిసిన పిల్లల రికార్డును క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమైనా సరే పోలీసులు బయటపెట్టకూడదు.

చట్టం ఇంత స్పష్టంగా ఉంటే ఫారం ఏమో ‘ఎప్పుడైనా’ అని అడుగుతుంది. ఎప్పుడైనా అరెస్టయ్యారా, ఎప్పుడైనా కేసు నమోదైందా అని. ఆ ఒక్క మాట దగ్గర ఇరవై రెండేళ్ల పిల్లవాడు పెన్ను పట్టుకుని ఆగిపోతాడు. ఉన్నది రాస్తే ఉద్యోగం పోతుందేమోనని ఒక భయం. రాయకపోతే దాచాడంటారేమోనని ఇంకో భయం. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఉద్యోగ ఫారాల్లో నిజమే రాయాలని చెప్పింది. చిన్న వయసులో జరిగిన చిన్నపాటి విషయాన్ని దాచినా అధికారులు మన్నించవచ్చని కూడా అదే తీర్పులో ఉంది. అంటే మన్నించే అధికారం వాళ్లకుంది కానీ, మన్నించి తీరాలని లేదు. ఊళ్లో పిల్లలకు ఈ తీర్పు గురించి చెప్పేదెవరు?

ఇంకో సంగతి మన ఊళ్లకు బాగా వర్తిస్తుంది. ఈ చట్టం కింద 2016లో కేంద్రం తెచ్చిన మోడల్ రూల్స్ ప్రకారం, ఘోరమైన నేరం అయితేనో, పెద్దవాళ్లతో కలిసి చేశారన్న ఆరోపణ ఉంటేనో తప్ప పిల్లల మీద ఎఫ్ఐఆర్ రాయకూడదు. స్టేషన్ డైరీలో నమోదు చేస్తే సరిపోతుంది. కానీ పండుగ గొడవ అన్నా, భూమి తగాదా అన్నా మన దగ్గర పెద్దవాళ్లు లేకుండా ఉంటుందా? మేనమామ వెనకో, చిన్నాన్న వెనకో నిలబడ్డ పిల్లవాడి పేరు కూడా అదే కాగితంలోకి ఎక్కుతుంది. వయసు కూడా ‘సుమారు 19’ అని రాసేస్తే కేసు మామూలు కోర్టుకే పోతుంది. అట్లాంటప్పుడు నేను మైనర్‌నని ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, కేసు ముగిశాక కూడా చెప్పుకోవచ్చు. స్కూలు సర్టిఫికెట్‌లోని పుట్టిన తేదీ దానికి మొదటి ఆధారం. అక్క వాళ్లకే కాదు, నాకూ ఇది తెలియదు.

అందుకే నేను అడిగేది ఒక్క వాక్యం. “పద్దెనిమిదేళ్లలోపు జువెనైల్ జస్టిస్ బోర్డులో ముగిసిన కేసులు ఇక్కడ రాయనవసరం లేదు” అని అటెస్టేషన్ ఫారంలోనే అచ్చు వేయాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న చట్టాన్ని ఫారంలోకి తెస్తే చాలు. పోలీసు శాఖకు కూడా ఇదే మేలు. పిల్లలు భయపడి అబద్ధం రాసే పరిస్థితి తెచ్చి, తర్వాత ఆ అబద్ధానికే వాళ్లను ఇంటికి పంపడం ఎవరికీ మంచిది కాదు.

ఆ వాక్యం వచ్చేదాకా మాత్రం మన పిల్లలకు ‘లేదని రాయి’ అని చెప్పకండి. నేను చేసిన తప్పు మీరు చేయకండి. ముందు బోర్డు ఆర్డర్ కాపీ తెప్పించండి. ఫారం నింపే ముందు ఒక మంచి వకీలుకు చూపించండి. రాయాల్సి వస్తే జరిగింది రాసి, అప్పటి వయసు రాసి, సెక్షన్ 24 కింద తనకు అనర్హత లేదని పక్కనే రాయించండి. ఇక్కడ అమెరికాలో పుట్టి పోలీసు, ఫెడరల్ ఉద్యోగాల వైపు చూస్తున్న మన పిల్లలకు కూడా ఒక మాట. రికార్డు సీల్ అయిందంటే, అంటే బయటివాళ్లు చూడకుండా మూసేశారంటే, ఇక ఎవరూ అడగరని అనుకోవద్దు. సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య సమాచారం చూసే అనుమతి) కోసం నింపే ఎస్ఎఫ్-86 ఫారం సీల్ అయిన కేసుల గురించి కూడా అడుగుతుంది.

నల్లగొండ, పాలమూరు నుంచి వచ్చిన మనం ఏటా ఊళ్లో కోచింగ్‌కు డబ్బులు పంపుతున్నాం, పుస్తకాలు కొనిస్తున్నాం, గ్రౌండ్‌కు బూట్లు కొనిస్తున్నాం. వచ్చే నోటిఫికేషన్‌కు దాంతో పాటు ఒక సాయంత్రం వకీలును కూర్చోబెట్టి ఈ ఫారం ఒక్కో గడి వివరించి చెప్పించాలి. దేవరకొండలో పెట్టేదానికి ఖర్చు నేను భరిస్తాను. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, సూర్యాపేట వైపు వాళ్లు ఎవరైనా ముందుకు రండి.

మేనల్లుడు బోర్డు ఆర్డర్ జతచేసి నోటీసుకు జవాబిచ్చాడు. ఇంకా ఏమీ తేలలేదు. పొద్దున మాత్రం గ్రౌండ్‌కు పోతూనే ఉన్నాడట. అక్క ఇంతవరకు నన్ను ఒక్క మాట కూడా అనలేదు.