చీటీ రాసుకుని వెళ్లండి, చాలు!

పిల్లలున్న ఇంట్లో సరుకులు టెన్షన్ లేకుండా కొనాలంటే మూడు సూత్రాలట. చీటీ రాసుకోవాలి, కడుపు నిండా తిని వెళ్లాలి, పిల్లల్ని వెంట తీసుకెళ్లకూడదు. మూడూ అమోఘం. ముఖ్యంగా మూడోది. ఆదివారం సాయంత్రం ఐదేళ్లవాణ్ని ఎవరి నెత్తిన పెట్టి వెళ్లాలో కూడా చెప్పి ఉంటే పుణ్యం ఉండేది.

అయినా మొదటి రెండూ శ్రద్ధగా పాటించాను. చీటీ రాశాను: కందిపప్పు రెండు కిలోలు, మినపగుళ్లు కిలో, పల్లీనూనె, పాలు, ఇంగువ. సుష్టుగా భోంచేశాను. సూపర్‌మార్కెట్లో మావాణ్ని ట్రాలీ సీట్లో కూర్చోబెట్టాను. రెండో వరుసకే దిగిపోయాడు.

పాలు ఎక్కడున్నాయి? కొట్టు చిట్టచివరి గోడకి. రోజూ కావలసింది అదే గనక, దాని కోసం వెళ్లే దారి పొడవునా ఎన్నడూ అక్కర్లేనివి పేర్చారు. బొమ్మలున్న బిస్కెట్ ప్యాకెట్లు నా నడుం ఎత్తులో, అంటే సరిగ్గా మావాడి కంటి ఎత్తులో ఉన్నాయి. పసివాళ్ల అవసరాల మీద ఇంత శ్రద్ధ నేను బడిలో కూడా చూడలేదు. వాటిని దాటితే బిల్లు కౌంటర్. మన ముందు నలుగురు, మనకి రెండు పక్కలా చాక్లెట్లు. వాడు నేల మీద కూర్చున్నాడు. వెనకున్న పెద్దావిడ నా పెంపకాన్ని ఎగాదిగా చూసింది. నేను కొనేశాను.

ఇది ఇవాళ్టి కుట్ర కాదు. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన పిగ్లీ విగ్లీ అని ఒక కొట్టు తెరిచి, కొనేవాళ్లనే అరల మధ్యకి వదిలాడు. అంతవరకు అక్కడా మన కిరాణా కొట్టు పద్ధతే. ఏం కావాలో చెబితే గుమాస్తా తీసిచ్చేవాడు. ఆ రోజుతో గుమాస్తా ఉద్యోగం మనకొచ్చింది. జీతం రాలేదు. 1937లో ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ బుట్టకి చక్రాలు పెట్టించాడు. బుట్ట బరువెక్కితే జనం కొనడం ఆపేస్తున్నారని ఆయన దిగులు. మన చేతుల నొప్పి గురించి ఇంతగా బాధపడినవాళ్లు మళ్లీ పుట్టలేదు.

ఇంటికొచ్చాక చూస్తే బిస్కెట్లు నాలుగు రకాలున్నాయి, ఇంగువ లేదు. చీటీ జేబులోనే భద్రంగా ఉంది.

సరేనని ఫోన్‌లో యాప్ తెరిచాను. పది నిమిషాల్లో తెస్తామంది. ఇంకో 130 రూపాయల సరుకు కొంటే డెలివరీ ఉచితమని కూడా చెప్పింది. 30 రూపాయలు మిగుల్చుకోవడానికి 130 ఖర్చుపెట్టడం నాకు సబబుగానే తోచింది. చిప్స్ వెతుకుతుంటే మా ఆవిడ ఫోన్ లాక్కుని సందు చివర శెట్టిగారి కొట్టుకి కలిపింది.

"ఇంగువ ఒకటి పంపిస్తారా అండీ?"

"అట్లాగేనమ్మా, కుర్రాడు బయల్దేరాడు."

చీటీ లేదు, ట్రాలీ లేదు, లైను లేదు. కుర్రాడు నిజంగానే వచ్చాడు. ఇంగువ డబ్బా నాకిచ్చాడు. మూడు రూపాయల చిల్లర లేదంటూ మూడు చాక్లెట్లు తీసి మావాడి చేతిలో పెట్టాడు.

"నాన్నా, రేపు కూడా ఇంగువ తెప్పిద్దాం" అన్నాడు వాడు.