గేర్‌బాక్స్‌లో స్ప్రింగ్ లేకుండా బండిని రోడ్డెక్కించకండి

పాత పికప్ గేర్‌బాక్స్‌ను విప్పి తిరిగి బిగించేటప్పుడు, లోపల ఉండవలసిన చిన్న సామాను ఏదైనా దొరక్కపోతే అది లేకుండానే మూత వేసి పంపే అలవాటు ఉన్న షెడ్లు మన హైదరాబాద్‌లో ఉన్నాయి. ఇది మనుషుల ప్రాణాల మీదికి తెచ్చే పని అని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను.

మా బాబాయి వికారాబాద్ వైపు రైతుల దగ్గర కూరగాయలు ఎత్తి బోయినపల్లి మార్కెట్‌కు చేరవేస్తారు. మూడో గేరు పడేటప్పుడు గరగరమంటోందని ఆయన బండిని ఒక షెడ్డులో ఇస్తే, సింక్రో రింగులు (గేరు పడేముందు వేగాలను కలిపి, గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి రింగులు) మార్చామని చెప్పి డబ్బు తీసుకున్నారు. ఆ తరువాత నిండు లోడుతో అనంతగిరి ఘాటు దిగుతుండగా మూడో గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి వచ్చేసింది. ఇంజను పట్టు తప్పితే ఆ బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. ఎదురుగా ఏ బండీ రాకపోబట్టి ఆయన పక్కకు తీసి ఆపగలిగారు. మరో మేస్త్రి గేర్‌బాక్స్ దింపి చూస్తే, మూడు, నాలుగు గేర్లను మార్చే రాడ్డు దగ్గర ఉక్కు గోళీ ఉంది గానీ దానిని నొక్కిపట్టే స్ప్రింగ్ లేదు. రాడ్డుల మధ్య ఉండే ఇంటర్‌లాక్ పిన్ను లేదు. గేర్‌బాక్స్‌ను ఇంజనుకు కలిపే తొడుగు, అంటే బెల్ హౌసింగ్, డోవెల్ పిన్నుల్లోనూ ఒకటి లేదు.

గేరు పడినప్పుడు ఆ గోళీ రాడ్డు మీది గాటులో కూర్చుని దానిని కదలనివ్వదు. స్ప్రింగ్ మెత్తనిదైతే గేరు జారిపోతుంది, మరీ బిరుసుదైతే లివర్ కదలడమే కష్టమవుతుంది. అందువల్ల చేతికి దొరికిన స్ప్రింగ్‌ను కత్తిరించి పెట్టడం ఇక్కడ కుదరదు. ఇంటర్‌లాక్ పిన్ను లేకపోవడం ఇంకా ఘోరం. ఒక రాడ్డు కదిలినప్పుడు మిగతా రాడ్డులను న్యూట్రల్‌లోనే బంధించి ఉంచేది అదే కనుక, అది లేని గేర్‌బాక్స్‌లో రెండు గేర్లు ఒకేసారి పడి, షాఫ్టు బిగుసుకుపోయి, బండి నడుస్తుండగానే వెనక చక్రాలు పట్టేసే ప్రమాదం ఉంది. డోవెల్ పిన్ను లోపం ఇంత హఠాత్తుగా బయటపడదు. గేర్‌బాక్స్‌ను ఇంజనుకు సూటిగా కూర్చోబెట్టేది అది. బోల్టులు ఎంత బిగించినా ఆ సూటి రాదు, ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు, క్లచ్ ప్లేటు ముందుగానే అరిగిపోతాయి.

సామాను దొరకదన్న మాటలో కొంత నిజం ఉంది. బేరింగు అయితే దాని మీద చెక్కిన నంబరు చెబితే చాలు, 6307 అంటే రాణిగంజ్‌లో ఏ దుకాణంలోనైనా 35 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 80 మిల్లీమీటర్ల బయటి వ్యాసం ఉన్నదే ఇస్తారు. ఇంటర్‌లాక్ పిన్నుకు అలాంటి నంబరు ఉండదు, ఆ గేర్‌బాక్స్‌కు సరిపడిందే వెతకాలి. కంపెనీ కౌంటరులో అడిగితే పాత మోడల్‌కు విడిగా రాదు, మొత్తం సెట్టు కొనమన్నారు. చివరికి బాబాయి ఆటోనగర్‌లో అదే మోడల్ పాత గేర్‌బాక్స్ కొని, అందులోంచి పిన్నులు, స్ప్రింగులు తీయించారు. అరగని పిన్ను పాతదైనా పనికొస్తుంది. ఇత్తడి సింక్రో రింగును మాత్రం గేరు కోన్ (రింగు కూర్చునే ఏటవాలు అంచు) మీద నొక్కి, రింగుకూ గేరుకూ మధ్య ఖాళీని ఫీలర్ గేజ్ అనే సన్నని కొలత రేకులతో కొలవకుండా తీసుకోకూడదు, ఎందుకంటే రింగు అరిగేకొద్దీ ఆ ఖాళీ తగ్గిపోతుంది.

విడిభాగాలను బయటి మార్కెట్‌లో స్వేచ్ఛగా దొరకనివ్వనందుకు 2014లో మార్కెట్‌లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మరమ్మతు, విడిభాగాల సమాచారం ఒకచోట ఇచ్చే రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, అందులో వాహనాల రంగం కూడా ఉంది. ఇవి మంచి అడుగులే. అయినా ఒక చిన్న స్ప్రింగ్ కోసం పాత గేర్‌బాక్స్ మొత్తం కొనవలసి వస్తున్నంతకాలం, బండే బతుకుతెరువైన మనిషికి వీటివల్ల ఒరిగేది తక్కువ. పాత మోడళ్లకు కూడా ఇలాంటి చిన్న సామానును విడివిడిగా, పార్ట్ నంబరుతో అమ్మాలని కంపెనీలను నిర్బంధించాలి.

అయితే సామాను దొరకనప్పుడు ఆ మాట యజమానితో చెప్పి బండిని షెడ్డులోనే ఉంచడానికి ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు. తీసిన పాత సామానంతా ఒక సంచిలో వేసి తిరిగి ఇవ్వాలి, మార్చిన ప్రతి ముక్కనూ బిల్లులో విడిగా రాయాలి. "గేర్‌బాక్స్ పని" అని ఒక్క ముక్క రాసిచ్చిన బిల్లుకు డబ్బు కట్టవద్దని బండ్లున్న ప్రతి ఒక్కరినీ కోరుతున్నాను.