తీర్పు చెప్పే మనిషికి తెలుగు రావాలి

పాట బాగా పాడిన అమ్మాయి వీడియో కింద ఎవరో 'చంపేశావు పో' అని రాస్తే అది మెచ్చుకోలు. ఒక పెళ్లి ఫొటో కింద ఇంకెవరో 'మీ వాళ్ల బుద్ధి ఎక్కడికి పోతుందిలే' అని రాస్తే, అందులో ఒక్క బూతు మాటా లేకపోయినా, అది కులాంతర వివాహమని తెలిసినవారికి ఆ మాట ఎంత లోతుగా గుచ్చుకుంటుందో అర్థమవుతుంది. తెలంగాణ పల్లెల్లో స్నేహితుల మధ్య 'నీయవ్వ' అన్నది ఆశ్చర్యం, గొడవలో అదే తిట్టు. పైగా మనలో చాలామంది ఫోనులో తెలుగును ఇంగ్లిషు అక్షరాలతో రాస్తారు, ఒక్కో మాటకు ఎవరికి తోచిన స్పెల్లింగ్ వారిది. ఇన్ని మెలికలున్న భాషలో ఏ పోస్టు ఉండాలో, ఏది పోవాలో సామాజిక మాధ్యమాల్లో చాలావరకు ముందుగా చూసేది యంత్రమే, అంటే కంప్యూటర్ ప్రోగ్రామే. ఆ తరువాత ఒక మనిషి చూస్తున్నాడా, చూస్తే ఎంతసేపు చూస్తున్నాడు, ఆ మనిషికి తెలుగు వచ్చా అన్న ప్రశ్నలకు జవాబు అడిగే హక్కు తెలుగువారికి ఉందని మేము గట్టిగా నమ్ముతున్నాం.

యంత్రమే వద్దనడం మా ఉద్దేశం కాదు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదులలో 51 మందిని బలిగొన్న హంతకుడు తన దాడిని ఫేస్‌బుక్‌లో 17 నిమిషాల పాటు ప్రత్యక్ష ప్రసారం చేశాడు. యంత్రం దాన్ని పసిగట్టలేదు. చూసినవారి నుంచి తొలి ఫిర్యాదు అందేసరికే ప్రసారం ముగిసి 12 నిమిషాలు గడిచాయి. అదేమిటో మనుషులు తేల్చిన తరువాత మాత్రం, మొదటి 24 గంటల్లో తొలగించిన 15 లక్షల ప్రతుల్లో 12 లక్షలకు పైగా ఎవరి కంటా పడకముందే, అప్‌లోడ్ అవుతుండగానే యంత్రం ఆపేసింది. ఎన్ని వేల మందిని కూర్చోబెట్టినా మనుషుల వల్ల అయ్యే పని కాదది. ఒకసారి గుర్తుపెట్టి ఇచ్చినదాన్ని మళ్లీ మళ్లీ పట్టుకోవడం యంత్రానికి చేతనైన పని. అంతకుముందు ఎన్నడూ చూడనిది ఎదురైనప్పుడు మాత్రం దానికి దిక్కు తోచదు.

మనిషిని పక్కన పెడితే ఏమవుతుందో 2020లో యూట్యూబ్ చూపించింది. కరోనా కారణంగా, వీడియోలు చూసి తీర్పు చెప్పే పరిశీలకులు కార్యాలయాలకు రాలేకపోవడంతో ఆ సంస్థ యంత్రాల తీర్పుపైనే ఎక్కువగా ఆధారపడింది. ప్రమాదకరమైనవి తప్పించుకోవడం కన్నా, మంచివి కొన్ని పోయినా సరేనని తెలిసే నిర్ణయించుకుంది. అంతకుముందు మూడు నెలల్లో 61 లక్షల వీడియోలు తొలగిస్తే, ఏప్రిల్ నుంచి జూన్ వరకు 1.14 కోట్ల వీడియోలు తొలగించింది. అప్పీలు చేసుకున్నవారి వీడియోలలో 1.6 లక్షలను తిరిగి పెట్టవలసి వచ్చింది. మామూలు రోజుల్లో అప్పీళ్లలో నాలుగో వంతు నెగ్గేవి, ఆ మూడు నెలల్లో సగం నెగ్గాయి. సెప్టెంబరు నాటికి యూట్యూబ్ మళ్లీ మనుషుల్ని రప్పించడం మొదలుపెట్టింది. ఈ లెక్కల్లో మమ్మల్ని కలవరపెట్టేది అప్పీలు చేయనివారి సంగతి. వీడియో ఎందుకు పోయిందో తెలియక, అప్పీలు దరఖాస్తు ఎలా నింపాలో అర్థంకాక ఊరుకున్నవారి వీడియోలు ఏ లెక్కలోకీ రావు.

అదే ఏడాది అక్టోబరులో బ్రెజిల్‌లో ఒక మహిళ రొమ్ము క్యాన్సర్ లక్షణాలు ఎలా ఉంటాయో ఫొటోలతో సహా ఇన్‌స్టాగ్రామ్‌లో వివరిస్తే, యంత్రం దాన్ని నగ్నత్వంగా లెక్కగట్టి తొలగించింది. ఇన్‌స్టాగ్రామ్ యజమాని అయిన ఫేస్‌బుక్, ఇలాంటి నిర్ణయాలను సమీక్షించడానికి ఏర్పరచిన పర్యవేక్షణ మండలి 2021 జనవరిలో దీన్ని తప్పుబట్టింది. యంత్రం తొలగించినప్పుడు ఆ విషయం వినియోగదారుకు చెప్పాలనీ, మనిషి చేత మళ్లీ చూపించుకునే వీలు ఉండాలనీ సూచించింది.

మరి ఆ మనిషి పరిస్థితి ఏమిటి? దీనికి జవాబు మన హైదరాబాద్‌లోనే ఉంది. ఫేస్‌బుక్ పోస్టులను కాంట్రాక్టుపై పరిశీలించే ఉద్యోగుల గురించి 2019 ఫిబ్రవరిలో రాయిటర్స్ వార్తాసంస్థ ఇక్కడి నుంచే కథనం రాసింది. అశ్లీల దృశ్యాలను పరిశీలించే బృందంలోనివారు ఎనిమిది గంటల షిఫ్టులో దాదాపు 2,000 పోస్టులు చూస్తున్నామని చెప్పారు. అంటే ఒక్కోదానికి 15 సెకన్లు కూడా లేవు. ఆ వ్యవధిలో పోస్టు చదవాలి, ఫొటో చూడాలి, అన్నది ఎవరు, ఎవరిని, ఏ సందర్భంలో అన్నది ఊహించాలి, తరచూ మారే నిబంధనల్లో ఏది వర్తిస్తుందో గుర్తుచేసుకుని మీట నొక్కాలి. ఇలాంటి చోట యంత్రం 'తొలగించవచ్చు' అని ముందే గుర్తు పెట్టి పంపితే, కాదని ఆగి ఆలోచించే తీరిక ఎవరికి ఉంటుంది? మనిషి పర్యవేక్షణ అని కంపెనీలు చెప్పేది చాలా సందర్భాల్లో యంత్రం రాసిన కాగితంపై సంతకమే అవుతుందన్నది మా భయం. రోజంతా హింసను, పసిపిల్లలపై అఘాయిత్యాలను చూసి మనసు చెదిరిన అమెరికాలోని పరిశీలకులు కోర్టుకెక్కితే, 2020 మేలో ఫేస్‌బుక్ 5.2 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఆ ఒప్పందం అమెరికాలోని నాలుగు రాష్ట్రాల్లో పనిచేసినవారికే పరిమితం. హైదరాబాద్‌లో అదే పని చేసినవారికి అందులో పైసా రాలేదు. ఇక్కడి ఉద్యోగి నిద్రకు కూడా అంతే విలువ ఉండాలి.

భాష తెలిసినవారు లేకపోతే ఎంత దూరం పోతుందో మయన్మార్ చెబుతుంది. అక్కడి ముస్లిం మైనారిటీ అయిన రోహింగ్యాలపై విద్వేషం ఫేస్‌బుక్ నిండా పారుతున్న 2015 మొదట్లో బర్మీస్ తెలిసిన పరిశీలకులు ఆ సంస్థకు ఇద్దరే ఉన్నారు. తాము చేయవలసినంత చేయలేదని కంపెనీ ఒప్పుకునేసరికి 2018 వచ్చింది, అప్పటికి లక్షల మంది రోహింగ్యాలు ప్రాణభయంతో పారిపోయి బంగ్లాదేశ్ శిబిరాలకు చేరారు.

2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8.11 కోట్లు. వారి మాటలను తూచే మనుషులు ఎందరో బయటివారికి తెలిసే దారి లేదు. 50 లక్షలకు మించి వినియోగదారులున్న వేదికలు వాడే యంత్రాలపై మనిషి పర్యవేక్షణ ఉండాలని మన 2021 ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. అందిన ఫిర్యాదులు, యంత్రాల సాయంతో తొలగించిన లింకుల సంఖ్య ప్రతి నెలా ప్రకటించాలనీ అంటున్నాయి. ఏ భాషలో ఎంతమంది పరిశీలకులున్నారో మాత్రం అడగలేదు. ఐరోపా సమాఖ్య తన డిజిటల్ సేవల చట్టంలో అది అడిగింది. పెద్ద వేదికలు ఒక్కో అధికార భాషకు ఎందరు పరిశీలకులున్నారో వెల్లడించాలి, తొలగింపులో యంత్రం పాత్ర ఏమిటో వినియోగదారుకు చెప్పాలి, అప్పీలును కేవలం యంత్రంతో తేల్చకూడదు.

కేంద్రం ఐటీ నిబంధనలను ఇప్పటికే పలుమార్లు సవరించింది. తరువాతి సవరణలో ఈ మూడింటినీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని అన్ని భాషలకూ వర్తింపజేయాలని, ఒక్కో పరిశీలకుడు రోజుకు చూసే పోస్టులకు గరిష్ఠ పరిమితి విధించాలని మేము కోరుతున్నాం. హైదరాబాద్‌లో ఆ పని చేయిస్తున్న కంపెనీల నుంచి షిఫ్టుల వివరాలు, మానసిక వైద్య సహాయం లెక్కలు తెప్పించుకోవడానికి తెలంగాణ కార్మిక శాఖ ఢిల్లీ సవరణ కోసం ఎదురుచూడనక్కరలేదు.