ఆ జనం గురించీ రాయాల్సింది

ఇటలీ ఆక్రమణ మీద పోరాడిన లిబియా నాయకుడు ఒమర్ ముఖ్తార్ గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. కానీ ఇటలీని ఆయన ఒక్కరే 20 ఏళ్లు నిలువరించినట్టు చెప్పడం నాకు నచ్చలేదు. ఆ పోరాటానికి తిండి, గుర్రాలు, మనుషుల్ని ఇచ్చింది తూర్పు లిబియా పశువుల కాపరులే. అందుకే 1930లో ఇటలీ జనరల్ గ్రాజియాని దాదాపు లక్షమందిని పిల్లాపాపలతో, గొర్రెలూ మేకలతో సహా ఎడారి క్యాంపులకు తోలేశాడు. ఆకలికీ రోగాలకీ వేలమంది పోయారు. ఎంత ఘోరం! ఈజిప్టు నుంచి సాయం రాకుండా సరిహద్దు వెంట ముళ్లకంచె కూడా వేయించాడు. 1931 సెప్టెంబర్ 16న, 70 దాటిన ఆ ఖురాన్ పంతులుగారు ముఖ్తార్‌ని సులూఖ్‌లో ఉరితీసిందీ ఆ క్యాంపుల జనాన్ని తెచ్చి నిలబెట్టి, వాళ్ల కళ్లముందే. వాళ్లకి ఒక్క పేరా అయినా ఇవ్వాల్సింది.