సిలబస్‌కు ఓకే చెప్పేవాళ్లకు దాన్ని చదివే టైమ్ ఇవ్వండి

డిగ్రీ సిలబస్ మారుతోందంటే చాలు, కొత్త పేపర్ల పేర్లన్నీ హెడ్డింగుల్లోకి ఎక్కుతాయి. ఏఐ వస్తోంది, డేటా సైన్స్ వస్తోంది, స్కిల్ కోర్సులు వస్తున్నాయి అంటూ నాలుగు రోజులు హడావుడి. ఆ పేపర్ ఎవరు రాశారు, ఎంతసేపు చర్చించారు, ఎవరైనా వద్దన్నారా, అంటే ఎందుకన్నారు అన్నది మాత్రం బయటికి రాదు. కాకతీయ, శాతవాహన, తెలంగాణ యూనివర్సిటీల కింద చదివే పిల్లల మూడేళ్లు ఎలా గడవాలో ఆ చర్చలోనే తేలిపోతుంది కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా మాట్లాడాలని మేం అనుకుంటున్నాం.

పద్ధతి కాగితం మీద బాగానే ఉంది. డిపార్ట్‌మెంట్‌లో టీచర్లు డ్రాఫ్ట్ రాస్తారు, అది ఆ సబ్జెక్టు టీచర్ల కమిటీ అయిన బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు వెళ్తుంది, అక్కడ ఒప్పుకుంటే పైన ఫ్యాకల్టీకి, అంటే కొన్ని డిపార్ట్‌మెంట్లు కలిసిన విభాగానికి, ఆ తర్వాత చదువుల విషయాలు తేల్చే యూనివర్సిటీ సభ అకడమిక్ సెనేట్‌కో దాని స్టాండింగ్ కమిటీకో చేరుతుంది. డబ్బు, పోస్టులు అవసరమయ్యే విషయమైతే పాలకమండలి కూడా చూడాలి. ఏ సబ్జెక్టులో ఏం చెప్పాలో ఆ సబ్జెక్టు చదివి, చెప్పినవాళ్లే తేల్చాలన్నది దీని వెనకున్న ఆలోచన. ఆఫీసరో, నాయకుడో, కంపెనీయో తేల్చే విషయం కాదది. ఇందులో మాకు రెండో మాట లేదు, టీచర్ల కమిటీలే ఉండాలి, వాటి మాటే చెల్లాలి.

అయితే ఇన్ని మెట్లున్నా సిలబస్‌ను యూనిట్ యూనిట్‌గా, లైన్ లైన్‌గా చదివే చోటు నిజానికి ఒక్కటే, బోర్డ్ ఆఫ్ స్టడీస్. పై మీటింగుల్లో ఎన్నో డిపార్ట్‌మెంట్ల ఫైళ్లు ఒకేసారి ముందుకొస్తాయి, ఫిజిక్స్ ప్రొఫెసర్ తెలుగు సిలబస్‌లో ఏ కావ్యం తీసేశారో పట్టించుకోవాలంటే సాధ్యం కాదు, అది ఆయన తప్పు కూడా కాదు. కింద బోర్డులో జారిపోయిన పొరపాటు పైన దొరుకుతుందనే నమ్మకం పెట్టుకోలేం. అలాంటి బోర్డు మెంబర్ల చేతికి మీటింగ్ రోజునే కాపీలిచ్చి సాయంత్రానికల్లా సంతకాలు తీసుకుంటే దాన్ని రివ్యూ అనొచ్చా? కనీసం నెల ముందు డ్రాఫ్ట్ వెబ్‌సైట్‌లో పెట్టాలి, ప్రతి అఫిలియేటెడ్ కాలేజీకి పంపాలి, వచ్చిన సలహాల్లో ఏవి తీసుకున్నారో, ఏవి ఎందుకు వదిలేశారో మినిట్స్‌లో రాసి జనానికి చూపించాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఇంత గట్టిగా ఎందుకు అడుగుతున్నామంటే, కాకతీయ యూనివర్సిటీ 1976లో పుట్టినప్పటి నుంచీ ఒక్క క్యాంపస్ కోసం పనిచేసే సంస్థ కాదు. 2008లో శాతవాహన వచ్చాక కరీంనగర్ వైపు కాలేజీలు దాని కిందికి వెళ్లినా, ఖమ్మం నుంచి ఆదిలాబాద్ దాకా డిగ్రీ కాలేజీలు ఇంకా కాకతీయ కిందే ఉన్నాయి. బోర్డు కూర్చునేది హనుమకొండలో, అదే పేపర్ చెప్పాల్సింది ఏటూరునాగారంలో, ఉట్నూరులో. క్యాంపస్‌లో ల్యాబ్ ఉంటుంది, లైబ్రరీ ఉంటుంది, నెట్ ఉంటుంది. ఆ మారుమూల కాలేజీల్లో ఒక్కోసారి సబ్జెక్టుకు ఒక్కరే లెక్చరర్, ఆయన కూడా గెస్టో కాంట్రాక్టో. ఆ లెక్చరర్‌కు బోర్డులో సీటు లేదు. ప్రతి బోర్డులోనూ మారుమూల కాలేజీల నుంచి ఇద్దరిని, కాంట్రాక్టు వాళ్లైనా సరే, ప్రత్యేక ఆహ్వానితులుగా పిలవాలి, వాళ్ల అభ్యంతరం రికార్డు కావాలి.

గంటల లెక్క కూడా బోర్డులోనే వేయాలి. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) లెక్కలో ఒక క్రెడిట్ అంటే 15 గంటల పాఠం, ప్రాక్టికల్ అయితే 30 గంటలు. అంటే నాలుగు క్రెడిట్ల థియరీ పేపర్‌కు 60 గంటలే. అందులో ఇంటర్నల్స్, సెలవులు, అడ్మిషన్లు లేటవడం వల్ల పోయే రోజులు తీసేస్తే ఎంత మిగులుతుందో ప్రతి టీచర్‌కూ తెలుసు. అయినా యూనిట్‌లో కొత్త టాపిక్‌లు కలుపుతూ పోతారే తప్ప పాతవి తీసేయరు. తీసేయాలంటే ఎవరో ఒకరి పేపర్ పోతుంది, వాళ్ల వర్క్‌లోడ్ తగ్గుతుంది, గెస్ట్ లెక్చరర్ అయితే ఏకంగా ఉపాధే పోతుంది. ఆ భయం న్యాయమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కానీ జీతం గొడవను సిలబస్ లోపల దాచిపెట్టి పరిష్కరిస్తే భారం పిల్లల మీద పడుతుంది. వర్క్‌లోడ్ లెక్క విడిగా, బాహాటంగా, పాలకమండలి ముందు తేలాలి.

పుస్తకాల సంగతి మరీ బాధాకరం. తెలుగు మీడియం పిల్లలకు ఇప్పటికీ తెలుగు అకాడమీ పుస్తకమే ఆధారం. సిలబస్ జూన్‌లో మారితే పుస్తకం ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లుండరు, ఈలోగా పిల్లలు గైడ్లు కొనుక్కుంటారు, సెమిస్టర్ అయిపోతుంది. తెలుగులో చదవడానికి ఏముందో చూపించకుండా వచ్చిన సిలబస్‌ను బోర్డు ఒప్పుకోకూడదు. ఒక ఏడాది ఆగితే కొంపలేం మునగవు.

సిలబస్ సొంతంగా పెట్టుకునే అటానమస్ కాలేజీల దగ్గర పరిస్థితి కొంత మేలు. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం వాళ్ల బోర్డులో బయటి సబ్జెక్టు నిపుణులు, వైస్ చాన్సలర్ (వీసీ) నామినీ, పరిశ్రమ నుంచి ఒకరు, ఒక పూర్వ విద్యార్థి ఉండాలి. పరిశ్రమ అనగానే హైదరాబాద్ ఐటీ కంపెనీ వైపే చూడటం మానాలి. కెమిస్ట్రీ, జియాలజీ వాళ్లకు సింగరేణి ఉంది, కామర్స్ వాళ్లకు మిర్చి, పత్తి కొనుగోళ్లు జరిగే వరంగల్ ఎనుమాముల మార్కెట్ ఉంది, గీసుగొండ దగ్గర టెక్స్‌టైల్ పార్క్ ఉంది. 2021లో రామప్ప యునెస్కో జాబితాలో చేరింది కదా, ఆ గుడిని కాపాడే పని తెలిసినవాళ్లను హిస్టరీ, టూరిజం బోర్డుల్లోకి పిలిస్తే ఎంత బాగుంటుంది!

2024 మే నుంచి అక్టోబర్ దాకా రాష్ట్రంలో చాలా యూనివర్సిటీలు రెగ్యులర్ వీసీలు లేకుండా ఐఏఎస్‌ల ఇన్‌చార్జి పాలనలో నడిచాయి. 2019 తర్వాత కూడా దాదాపు రెండేళ్లు అంతే. అలాంటి రోజుల్లో కమిటీలు బలంగా ఉండాల్సిన అవసరం ఇంకా ఎక్కువ.

చివరగా, అందరూ మర్చిపోయే బ్యాక్‌లాగ్ పిల్లల విషయం. పాత సిలబస్‌లో ఒక పేపర్ మిగిలిపోయిన విద్యార్థికి కొత్త సిలబస్‌లో దానికి సమానమైన పేపర్ ఏదో తెలియాలి. అది ఎవరూ రాసిపెట్టకపోతే వాడు కాలేజీ నుంచి ఎగ్జామినేషన్ బ్రాంచ్‌కు, అక్కడి నుంచి డిపార్ట్‌మెంట్‌కు తిరుగుతాడు. ఫీజు కట్టి హాల్లో కూర్చున్నాక తను చదవని పేపర్ చేతికొస్తే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఆలోచించండి. బస్సెక్కి భూపాలపల్లి నుంచి వచ్చే పిల్లకు ఒక్కో తిరుగుడూ ఒక రోజు కూలి పోయినట్టే. కాబట్టి ఈక్వివలెంట్ పేపర్ల పట్టిక, మోడల్ ప్రశ్నపత్రం, పాత సిలబస్‌తో ఇంకా ఎన్ని పరీక్షలు పెడతారన్న హామీ, ఈ మూడూ సిలబస్ ఫైల్‌లోనే ఉండాలి. లేకపోతే ఆ ఫైల్‌ను సెనేట్ వెనక్కి పంపాలి, ఈ ఏడాది నుంచే.